యూజర్‌కి తాళం వేశాం, జాబ్ మాత్రం రాత్రి రెండున్నరకి నడుస్తూనే ఉంది

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటున్నాను. ఒక కంపెనీ ఒరాకిల్ డేటాబేస్ సపోర్ట్ టీమ్‌లో రెండేళ్లుగా చేస్తున్నాను. మా టీమ్‌లో ఒక సీనియర్ రెండు నెలల కింద రిజైన్ చేసి వెళ్లిపోయారు. డేటాబేస్‌లో ఆయన పేరు మీద ఉన్న యూజర్‌ని అప్పుడే లాక్ చేశాం. అయినా రోజూ రాత్రి 2.30కి మా రిపోర్ట్ టేబుల్ మీద లాక్ పడుతోంది, మా బ్యాచ్ ఆగిపోతోంది. అది ఆ యూజర్ పేరు మీదున్న జాబే (పెట్టిన వేళకి దానంతట అదే నడిచే పని) అయి ఉంటుందని నా అనుమానం. నా లాగిన్‌తో యూజర్_షెడ్యూలర్_జాబ్స్ చూస్తే 'నో రోస్ సెలెక్టెడ్' (ఒక్క వరసా లేదు) అంటోంది. డేటాబేస్ మొత్తం చూసుకునే డీబీఏ గారిని బతిమాలితే ఒక ఎక్సెల్ పంపారు. అందులో ఆయన పేరు మీద ఒకే ఒక్క జాబ్ ఉంది, దాని టైమ్ 21.00. రెండున్నరది ఎక్కడా లేదు. మేనేజరేమో వచ్చే శుక్రవారం లోపు ఆ యూజర్‌ని డ్రాప్ చేసి పూర్తిగా తీసెయ్యమంటున్నారు. ఒక యూజర్ పేరు మీద ఉన్న జాబ్స్ అన్నీ చూడాలంటే ఎలా? ఇంకేం లేవని ఎలా నమ్మేది? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నా కన్ను మొదట పడింది ఆ 21.00 మీద. మిగతావి తర్వాత, ముందు దాని లెక్క తేల్చుకుందాం.

ఒరాకిల్ షెడ్యూలర్‌లో నెక్స్ట్_రన్_డేట్ అనే కాలమ్‌లో తేదీ, టైమ్‌తో పాటు టైమ్ జోన్ కూడా ఉంటుంది. చివర +05:30 అనో, +00:00 అనో, లేకపోతే ఏదో ఊరి పేరుతోనో ఒక తోక కనిపిస్తుంది. ఎక్సెల్‌లో పెట్టి పంపేటప్పుడు కాలమ్ వెడల్పు చాల్లేదనో, చూడ్డానికి బాగోలేదనో ఆ తోకని కత్తిరించేస్తారు. చాలా ఆఫీసుల్లో సర్వర్లని యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి టైమ్‌లోనే పెడతారు. యూటీసీ 21.00కి మన ఐదున్నర గంటలు కలిపి చూడు. అర్ధరాత్రి దాటి 2.30 వచ్చిందా? నువ్వు వెతుకుతున్న రెండున్నర జాబ్, డీబీఏ గారు పంపిన తొమ్మిది గంటల జాబ్ ఒకటేనని నా అనుమానం. నూటికి తొంభై పాళ్లు. మిగిలిన పది పాళ్లు ఆ తోక చూశాకే చెప్పగలను.

మళ్లీ అడిగేటప్పుడు ఆ కాలమ్‌ని ఉన్నదున్నట్టు కాకుండా 'నెక్స్ట్_రన్_డేట్ ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా' అని రాసి తెప్పించు. అప్పుడు సర్వర్ ఏ దేశంలో ఉన్నా మన గడియారం టైమే కనిపిస్తుంది. ఏషియా/కోల్‌కతా చుట్టూ సింగిల్ కోట్స్ ఉండాలి. ఈ జవాబులో పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. నువ్వు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే టైప్ చేస్తావు, అండర్‌స్కోర్లు ఎక్కడున్నాయో చూసుకుంటే చాలు.

లాక్ చేశాక కూడా జాబ్ ఎలా నడుస్తోందని నీకు వింతగా ఉన్నట్టుంది. పీజీలో ఉంటున్నావు కాబట్టి నీకు త్వరగా అర్థమవుతుంది. పక్క గదిలో ఉన్నతను ఖాళీ చేసి వెళ్లిపోయాడు, ఓనరు గదికి తాళం వేశాడు. కానీ పాలవాడికి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే గుమ్మం ముందు నందిని ప్యాకెట్ పడుతూనే ఉంటుంది. తాళం ఆపేది లోపలికి వెళ్లే మనిషిని, గుమ్మం దాకా వచ్చే ప్యాకెట్‌ని కాదు. ఒరాకిల్‌లో అకౌంట్ లాక్ కూడా అంతే, ఆ పేరుతో కొత్తగా లాగిన్ కానివ్వదు. షెడ్యూలర్ జాబ్ పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అవదు, డేటాబేస్ లోపలి ప్రాసెసే దాన్ని ఆ యూజర్ హక్కులతో నడిపిస్తుంది. ఇందులో లోపమేమీ లేదు. ఏపెక్స్ (వెబ్ అప్లికేషన్లు తయారుచేసే ఒరాకిల్ సాధనం) వాడే చోట చూడు, దాని స్కీమా (టేబుళ్లూ ప్రొసీజర్లూ ఉండే యూజర్) అకౌంట్ మామూలుగా లాక్‌లోనే ఉంటుంది, దాని సొంత జాబ్స్ మాత్రం శుభ్రంగా నడుస్తుంటాయి.

ఇక అసలు ప్రశ్న. నీకు 'నో రోస్ సెలెక్టెడ్' ఎందుకు వచ్చింది?

యూజర్_షెడ్యూలర్_జాబ్స్ అన్న పేరులోనే మోసం ఉంది. 'యూజర్' అంటే మనం వెతుకుతున్న ఆ యూజర్ అనుకుంటాం. కాదు, ఇప్పుడు లాగిన్ అయి ఉన్నవాడు. అంటే నువ్వు. 'నా పేరు మీద ఏమున్నాయి' అని నువ్వడిగావు, 'నీ పేరు మీద ఏమీ లేవు' అని అది నిజమే చెప్పింది. ఆ వ్యూలో (డేటాబేస్ చూపించే ఆ పట్టికలో) ఓనర్ అనే కాలమే ఉండదు, ఎందుకంటే ఓనర్ ఎవరో అడగాల్సిన అవసరమే లేదు.

పక్కనే ఆల్_షెడ్యూలర్_జాబ్స్ ఉంటుంది. ఈ 'ఆల్' కూడా అన్నీ అని కాదు, నీకు చూసే హక్కున్నవన్నీ అని. నీ సొంతవి, ఎవరైనా నీకు ఆల్టర్ హక్కిచ్చిన జాబ్స్ వస్తాయి. క్రియేట్ ఎనీ జాబ్ లాంటి పెద్ద హక్కులుంటే ఇంకా చాలా వస్తాయి. నీకు అవి ఉండవు, ఉండకపోవడమే మంచిది కూడా. నిజంగా అన్నీ చూపించేది డీబీఏ_షెడ్యూలర్_జాబ్స్. దాన్ని చూడ్డానికి డీబీఏ అయిపోనక్కర్లేదు, సెలెక్ట్_కేటలాగ్_రోల్ ఉంటే సరిపోతుంది. ప్రొడక్షన్‌లో అది కూడా ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే కోపం తెచ్చుకోకు, క్వెరీ నువ్వు రాసిచ్చి వాళ్ల చేత నడిపించుకో.

ఈ 'నో రోస్' దగ్గర నేను ఒకసారి బోర్లా పడ్డాను కాబట్టి ఇంత సాగదీస్తున్నాను. చాలా ఏళ్ల కింద, ఈ ఊళ్లోనే ఒక ఆఫీసులో, సరిగ్గా నీలాంటి పనే. వెళ్లిపోయిన మనిషి యూజర్‌ని తీసెయ్యాలి. నేను నా లాగిన్‌లోనే యూజర్_షెడ్యూలర్_జాబ్స్ చూశాను, ఖాళీ. 'చెక్ చేశాను, జాబ్స్ ఏమీ లేవు' అని మెయిల్ కూడా పెట్టాను, బుద్ధిగా. డ్రాప్ యూజర్ అని కొడితే ఓఆర్‌ఏ-01922 వచ్చింది. ఆ యూజర్ కింద ఇంకా ఆబ్జెక్టులు ఉన్నాయి, వాటితో సహా తీసెయ్యాలంటే క్యాస్కేడ్ అని రాయాలి అని దాని అర్థం. ఆగి ఆలోచించమని డేటాబేస్ ఇచ్చే ఆఖరి అవకాశం అది. నేను ఆగకుండా క్యాస్కేడ్ తగిలించాను. నెల ఒకటో తారీకున కమిషన్ స్టేట్‌మెంట్లు రాలేదని బ్రాంచిల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ స్టేట్‌మెంట్లు తయారుచేసే జాబ్ ఆ యూజర్‌తో పాటే పోయింది. వారం కిందటి ఎక్స్‌పోర్ట్ డంప్‌లోంచి దాన్ని తవ్వి తీసేసరికి ఆదివారం కాస్తా సోమవారం అయింది. తిట్లు తిన్నాను, అవి న్యాయమైనవే. క్వెరీ అబద్ధం చెప్పలేదు, నేనే తప్పు మనిషిని అడిగాను.

ఇప్పుడు నువ్వు డీబీఏ గారి చేత నడిపించాల్సిన క్వెరీ గురించి. షరతు రాసే 'వేర్' దగ్గర చాలామంది ఓనర్ ఒక్కటే పెడతారు. నీకూ అదే పంపి ఉంటారు. ఓనర్‌తో పాటు జాబ్_క్రియేటర్ అని ఇంకో కాలమ్ ఉంది. వేరే స్కీమాలో జాబ్ పెట్టే హక్కున్నవాళ్లు తమ లాగిన్ నుంచి ఇంకో యూజర్ కింద జాబ్ తయారుచేయొచ్చు. అప్పుడు ఓనర్ ఒకరు, క్రియేటర్ ఇంకొకరు. మీ సీనియర్‌కి అలాంటి హక్కులు ఉండి ఉంటే, ఆయన చేత్తో పెట్టిన జాబ్స్ అప్లికేషన్ స్కీమా కింద దాక్కుని ఉంటాయి. డ్రాప్ చేసినప్పుడు పోయేది ఓనర్ కింద ఉన్నవి. కానీ ఎవరు, ఎందుకు పెట్టారో ఇంకెవరికీ తెలియని జాబ్స్ రెండో రకంలోనే ఎక్కువ. రెండు కాలమ్‌లూ 'ఆర్' పెట్టి వెతికించు.

ఇంకోటి, చిన్న విషయమే గానీ చాలామంది దీని దగ్గరే సాయంత్రం పోగొట్టుకుంటారు. డేటాబేస్ యూజర్ పేర్లని మామూలుగా క్యాపిటల్ లెటర్స్‌లో దాచుకుంటుంది. కోట్స్ మధ్యలో చిన్న అక్షరాల్లో రాస్తే క్వెరీ ఏ ఎర్రరూ లేకుండా నడిచి ఖాళీ చేతులు చూపిస్తుంది. ఇక్కడా 'నో రోస్', కారణం మాత్రం వేరు.

మీ వెర్షన్ ఏదో రాయలేదు. రాసి ఉంటే నాకు రెండు పేరాలు తగ్గేవి. 2013లో వచ్చిన 12సీ వెర్షన్ నుంచి ఒకే డేటాబేస్ లోపల చాలా ప్లగబుల్ డేటాబేస్‌లు పెట్టుకోవచ్చు. డీబీఏ_ అని మొదలయ్యే వ్యూ నువ్వు ఏ ప్లగబుల్‌లో ఉన్నావో దాన్నే చూపిస్తుంది. పక్కదానిలో అదే పేరుతో యూజర్ ఉండి, వాడికి జాబ్ ఉంటే ఇక్కడినుంచి కనపడదు. వాటన్నిటికీ పైనున్న రూట్ నుంచి సీడీబీ_షెడ్యూలర్_జాబ్స్ చూస్తే తెరిచి ఉన్న కంటైనర్లన్నిటివీ వస్తాయి. మీ దగ్గర ఒకే ప్లగబుల్ ఉంటే ఈ గొడవ లేదు.

అసలు గొడవ పాత రిజిస్టర్‌తో. షెడ్యూలర్ 10జీ వెర్షన్‌తో వచ్చింది. అంతకు ముందంతా డీబీఎంఎస్_జాబ్ రాజ్యం. చెయ్యి అలవాటైన పాతవాళ్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దాన్నే వాడారు, నేనూ వాడాను. ఆ జాబ్స్ షెడ్యూలర్ వ్యూలలో కనపడవు. వాటికి విడిగా యూజర్_జాబ్స్, డీబీఏ_జాబ్స్ ఉన్నాయి. అక్కడ జాబ్‌కి పేరుండదు, నంబరే. ఏం చేస్తుందో 'వాట్' అనే కాలమ్‌లో ఉంటుంది. మనుషుల పేర్లకి మూడు కాలమ్‌లు: సబ్మిట్ చేసినప్పుడు లాగిన్ అయి ఉన్నది ఎవరో లాగ్_యూజర్, ఎవరి హక్కులతో నడుస్తుందో ప్రివ్_యూజర్, ఏ స్కీమాలో నడుస్తుందో స్కీమా_యూజర్. మూడింటిలోనూ వెతకాలి. నెక్స్ట్_డేట్‌కి ఇక్కడ టైమ్ జోన్ తోక ఉండదు, సర్వర్ గడియారం ఎంతంటే అంతే. వరసగా పదహారుసార్లు ఫెయిలైతే ఆ జాబ్‌ని 'బ్రోకెన్' అని పక్కన పెట్టేస్తుంది, నెక్స్ట్_డేట్ 4000వ సంవత్సరం జనవరి 1కి పోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. అలాంటి తారీకు కనిపిస్తే కంగారు పడకు, అది ఎప్పుడో ఆగిపోయిన జాబ్.

మీది 19సీ అయితే పని కొంచెం తేలిక. ఆ వెర్షన్‌కి మారినప్పుడు పాత డీబీఎంఎస్_జాబ్ జాబ్స్‌ని అదే షెడ్యూలర్ జాబ్స్‌గా మార్చేస్తుంది. వాటి పేర్లు డీబీఎంఎస్_జాబ్$_ అని మొదలై చివర నంబరు ఉంటుంది. అలాంటి పేరు కనిపిస్తే అది మీ సీనియర్ కన్నా ముందటి తరం వాళ్లు పెట్టింది కూడా కావచ్చు. జాగ్రత్తగా ముట్టుకో.

జాబ్ కనిపించాక దాన్ని చదవడం ఇంకో పని. స్టేట్‌లో 'షెడ్యూల్డ్' అని ఉంటే వేళ కోసం చూస్తోంది, 'రన్నింగ్' అంటే ఇప్పుడు నడుస్తోంది, 'డిసేబుల్డ్' అంటే ఆగి ఉంది, ఎవరో ఆపి ఉండొచ్చు, అసలు ఎనేబుల్ చెయ్యకుండానే వదిలేసి ఉండొచ్చు. జాబ్_యాక్షన్‌లో ఏ ప్రొసీజర్‌ని పిలుస్తుందో ఉండాలి. అది ఖాళీగా ఉంటే ఏమీ చెయ్యదని కాదు, ప్రోగ్రామ్_నేమ్ చూడు. ఒరాకిల్‌లో ఏం చెయ్యాలన్నది ప్రోగ్రామ్‌గా, ఎప్పుడు చెయ్యాలన్నది షెడ్యూల్‌గా విడివిడిగా రాసుకుని, జాబ్‌లో ఆ రెండిటి పేర్లు మాత్రమే పెట్టొచ్చు. అప్పుడు డీబీఏ_షెడ్యూలర్_ప్రోగ్రామ్స్, డీబీఏ_షెడ్యూలర్_షెడ్యూల్స్ తెరవాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వేరేవాళ్ల జాబ్ మీ సీనియర్ రాసిన ప్రోగ్రామ్‌ని వాడుతూ ఉండొచ్చు. ఆయన యూజర్ పోతే ఆ జాబ్ నిలబడదు. జాబ్స్ వ్యూలోనే ప్రోగ్రామ్_ఓనర్, షెడ్యూల్_ఓనర్ కాలమ్‌లు ఉన్నాయి, వాటిలోనూ ఆ పేరు వెతికించు. అలాగే జాబ్_యాక్షన్ టెక్స్ట్‌లో 'లైక్' పెట్టి ఆ పేరుని వెతికించు. జాబ్ లోపల రాసినదంతా డేటాబేస్‌కి ఒట్టి అక్షరాలే, అది ఎవరి ప్రొసీజర్ మీద ఆధారపడిందో డీబీఏ_డిపెండెన్సీస్‌లో నమోదు కాదు. అక్కడ చూసి 'దీన్ని ఎవరూ వాడటం లేదు' అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

గతంలో ఎన్నిసార్లు నడిచిందో, ఎంతసేపు పట్టిందో, ఎందుకు ఫెయిలైందో డీబీఏ_షెడ్యూలర్_జాబ్_రన్_డీటెయిల్స్‌లో ఉంటుంది. నీ 2.30 అనుమానానికి సాక్ష్యం ఇదే. యాక్చువల్_స్టార్ట్_డేట్‌ని మన టైమ్‌లోకి మార్చి చూస్తే పది రోజుల వరసలోనే తేలిపోతుంది. కానీ ఈ లాగ్ మామూలుగా 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత తుడిచేస్తారు. అంటే మూడు నెలలకోసారి నడిచే జాబ్ ఈ చరిత్రలో కనపడకపోవచ్చు. మార్చి 31 లెక్కల కోసం ఏడాదికోసారి లేచే జాబ్ అయితే చచ్చిపోయినట్టే ఉంటుంది. అలాంటి వాటికి నెక్స్ట్_రన్_డేట్, రిపీట్_ఇంటర్వల్ చూడాలి. ఇందుకు పూర్తిగా వ్యతిరేకం ఒకసారి మాత్రమే నడిచే జాబ్. ఆటో_డ్రాప్ మార్చకపోతే పని అయ్యాక అది తనంతట తానే మాయమైపోతుంది, లాగ్‌లో మాత్రం దాని పేరు మిగులుతుంది. లాగ్‌లో పేరుండి జాబ్స్‌లో లేకపోతే ఎవరో డిలీట్ చేశారని ఎవరినీ అనుమానించకు.

ఇన్ని చూశాక కూడా 'ఇంకేం లేవు' అని నమ్మకం కుదరకపోతే, డేటాబేస్‌నే ఆ టైమ్‌లో పట్టుకోవాలి. ఒక్క రాత్రి అలారం పెట్టుకుని లేవాలి, లేదా నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్ల చేత చేయించాలి. లాక్ పడి ఉన్న వేళ వీ$సెషన్ చూస్తే, షెడ్యూలర్ జాబ్ అయితే మాడ్యూల్ కాలమ్‌లో డీబీఎంఎస్_షెడ్యూలర్ అని, యాక్షన్ కాలమ్‌లో జాబ్ పేరు కనపడతాయి. ప్రోగ్రామ్ కాలమ్ చివర జే000 లాంటి ప్రాసెస్ పేరు ఉంటుంది. అలా కాకుండా జేడీబీసీ థిన్ క్లయింట్ అనో, ఎస్‌క్యూఎల్ ప్లస్ అనో ఉంటే అది బయటి నుంచి వస్తోంది. మెషిన్ కాలమ్ చూస్తే ఏ సర్వరో తెలుస్తుంది. అక్కడికెళ్లి క్రాంట్యాబ్, అంటే ఆ సర్వర్ సొంత షెడ్యూలరైన క్రాన్ లిస్ట్ వెతకాలి. డేటాబేస్ ఎంత వెతికినా క్రాన్‌లో రాసింది దానికి తెలియదు. మిగతా లాగిన్లవి చూడాలంటే ఆ సర్వర్ అడ్మిన్ 'క్రాంట్యాబ్ మైనస్ యూ', పేరు, 'మైనస్ ఎల్' పెట్టి ఒక్కొక్కరిదీ చూడాలి.

కానీ నీ విషయంలో ఒకటి కలిసొచ్చింది. అకౌంట్ రెండు నెలలుగా లాక్‌లో ఉంది. ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో క్రాన్ నుంచి వచ్చే స్క్రిప్ట్ ఏదైనా ఉంటే, అప్పటినుంచి రోజూ ఓఆర్‌ఏ-28000 కొట్టుకుని వెనక్కి పోతూ ఉండాలి. కాబట్టి 2.30కి లాక్ వేస్తున్నది నిజంగా ఆ యూజరే అయితే అది లోపలి జాబే. కాకపోతే ఆ స్క్రిప్ట్ ఇంకో యూజర్ పేరుతో వస్తోంది, అప్పుడు మీ సీనియర్ మీద అనుమానం అన్యాయం. అకౌంట్‌కి లాక్ వెయ్యక ముందే తెరిచి ఉన్న సెషన్ అలాగే బతికి ఉండే అవకాశం కూడా ఉంది, అకౌంట్ లాక్ చేస్తే పాత సెషన్లు తెగవు. కానీ రెండు నెలలు ఎవరూ రీస్టార్ట్ చెయ్యకుండా ఉన్నారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

రేపు నువ్వు వేరే డేటాబేస్‌కి మారినా ఈ చిక్కు వెంట వస్తుంది, అందుకని రెండు ముక్కలు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో జాబ్స్ ఎంఎస్‌డీబీలో సిస్‌జాబ్స్ టేబుల్‌లో ఉంటాయి, ఓనర్ పేరు కాకుండా ఎస్ఐడీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది. ఎస్‌క్యూఎల్ ఏజెంట్ యూజర్ రోల్ మాత్రమే ఉన్నవాడికి తన జాబ్స్ తప్ప కనపడవు. మైఎస్‌క్యూఎల్‌లో వాటిని ఈవెంట్స్ అంటారు. ఇన్ఫర్మేషన్_స్కీమాలో ఈవెంట్స్ చూసి డిఫైనర్ కాలమ్‌లో పేరు వెతకాలి. ఈవెంట్ హక్కు లేని డేటాబేస్‌లవి అందులోకి రావు. పోస్ట్‌గ్రెస్‌కి సొంత షెడ్యూలరే లేదు, పీజీ_క్రాన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటారు. దాని క్రాన్.జాబ్ టేబుల్ మామూలు యూజర్‌కి సొంత వరుసలే చూపిస్తుంది. పైగా అది మామూలుగా జీఎంటీలో (యూటీసీ టైమే) నడుస్తుంది. అంటే నీ 21.00 కథ అక్కడా ఎదురవుతుంది.

ఇప్పుడు శుక్రవారం.

డీబీఏ గారిని బతిమాలానని రాశావు. ఇది బతిమాలే పని కాదు తమ్ముడూ, ఆయన ఒక్కడే చెయ్యగలిగిన పని, నువ్వు అడగాల్సిన పని. వాళ్ల దగ్గరికి రోజూ 'సార్, జాబ్స్ లిస్ట్ కావాలి' అని పదిమంది వస్తారు. తొందరలో ఏదో ఒక ఎక్సెల్ పంపేస్తారు. నువ్వు క్వెరీలు మొత్తం రాసి, ఏ డేటాబేస్, ఏ ప్లగబుల్, యూజర్ పేరు క్యాపిటల్‌లో, ఏయే కాలమ్‌లు కావాలో చెప్పి, టైమ్ జోన్ కత్తిరించొద్దని ఒక మాట కలిపి మెయిల్ పెట్టు. మేనేజర్‌ని కాపీలో ఉంచు. కాపీ కొట్టి నడిపితే చాలు అన్నట్టు ఉంటే ఆయన టీ తాగి వచ్చేలోపు పని అయిపోతుంది.

మేనేజర్‌కి డ్రాప్ చెయ్యను అని చెప్పకు. డిసేబుల్ చేసి ఒక నెలాఖరు దాటాక డ్రాప్ చేద్దాం అని చెప్పు. ఆయనకు కావాల్సింది బహుశా ఆడిట్ లిస్ట్‌లో ఆ పేరు లేకపోవడం. అకౌంట్ లాక్‌లో ఉంది, జాబ్స్ ఇవి, ఫలానా తారీకున తీసేస్తాం అని రాతలో ఉంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, డ్రాప్ చేస్తే ఏమేం ఆగిపోతాయో ఆ లిస్ట్ జతచేసి 'సరే' అని ఆయన చేత మెయిల్‌లో రాయించుకో. ఇది గొడవ పెట్టుకోవడం కాదు. నేను రాయించుకోలేదు, అందుకే చెబుతున్నాను.

డిసేబుల్ చెయ్యడానికి ముందు ఆ జాబ్ ఏం చేస్తుందో చదవాలి. జాబ్_యాక్షన్‌లో ఉన్న ప్రొసీజర్ తెరిచి, అది నింపే టేబుల్‌ని పొద్దున ఎవరు చూస్తారో కనుక్కో. ఎవరూ చూడకపోతే ఒక్క రాత్రి డిసేబుల్ చెయ్యించు. ఆ రాత్రి 2.30కి లాక్ పడకపోతే కేసు తేలిపోయినట్టే. అది ఎవరికో కావాల్సిన జాబే అని తేలితే వేరే స్కీమాలోకి మార్చాలి. షెడ్యూలర్ జాబ్‌కి ఓనర్‌ని మార్చే మార్గం లేదు. డీబీఎంఎస్_షెడ్యూలర్‌లో కాపీ_జాబ్ ఉంది, అప్లికేషన్ స్కీమా పేరు పెట్టి కొత్తది చేయించొచ్చు. కాపీ డిసేబుల్డ్‌గానే పుడుతుంది, ఎనేబుల్ చెయ్యడం మర్చిపోయి 'మార్చేశాం కదా' అనుకున్నవాళ్లు నాకు తెలుసు. అది పిలిచే ప్రొసీజర్ కూడా పాత యూజర్ కిందే ఉంటే దాన్నీ మార్చాలి, లేకపోతే కొత్త జాబ్ మొదటి రాత్రే పడిపోతుంది. డ్రాప్‌కి ముందు డీబీఎంఎస్_మెటాడేటాలో గెట్_డీడీఎల్‌తో, రకం దగ్గర 'ప్రాక్‌ఆబ్జ్' అని ఇచ్చి ప్రతి జాబ్ నిర్వచనాన్నీ ఒక ఫైల్‌లో దాచి పెట్టించు. నాకు ఆ రోజు ఆ ఫైల్ ఉండి ఉంటే ఆదివారం ఇంట్లో ఉండేదాన్ని.

మీ సీనియర్ నంబరు నీ దగ్గర ఉండే ఉంటుంది. వెళ్లిపోయిన మనిషికి ఫోన్ చెయ్యాలంటే మొహమాటం, నాకు తెలుసు. పాస్‌వర్డ్‌లు అడగకు, డేటా ఏదీ చెప్పకు. 'అన్నా, రాత్రి నడిచే ఆ జాబ్ అవుట్‌పుట్ ఎవరికోసం పెట్టావు' అని ఒక్కటే అడుగు. ఈ ఊళ్లో జనం కంపెనీలు మారతారు గానీ సిల్క్ బోర్డ్ దాటి ఎక్కడికీ పోరు, ఎత్తుతాడు.

ఆ ఎక్సెల్ తోకలో +05:30 అని వచ్చిందంటే నా తొంభై పాళ్లు తప్పినట్టే. అప్పుడు వీ$సెషన్‌లో మాడ్యూల్, యాక్షన్, ప్రోగ్రామ్, మెషిన్ నాలుగు కాలమ్‌లలో ఏం కనిపించిందో, మీ వెర్షన్ ఏదో రాసి మళ్లీ ఉత్తరం పెట్టు. శుక్రవారం దాకా ఆగకుండా బుధవారమే పెట్టు.